కోళ్ల ఫారం బావతో పిట్టల యాత్ర

మా అక్క మొగుడికి నంద్యాల దగ్గర కోళ్ల ఫారం ఉంది. పాతికేళ్లుగా పొద్దున లేస్తే వేల కోళ్ల మధ్య తిరిగే మనిషిని ఇంగ్లండుకు పిలిపించి, ఐదు రోజులు సెలవు పెట్టి మరీ పిట్టల్ని చూపించడానికి తీసుకెళ్లానని అక్క ఇప్పటికీ నవ్వుతుంది. తప్పు నాది కాదు. "లండన్ చూసేసినాం కదా. నువ్వుండే ఊరి పక్కన ఏముంటే అదే చూపించు" అన్నది ఆయనే. నేనుండేది లీడ్స్. తూర్పుకు రెండు గంటలు కారు నడిపితే సముద్రం, పడమరకు గంటన్నర నడిపితే బోలాండ్ కొండలు. ఆ రెండు చోట్లకూ నేను వెళ్లేది పిట్టల కోసమే. అక్క మోకాళ్ల నొప్పులని మా ఆవిడతో ఇంట్లోనే ఉండిపోయింది. మాకు మాత్రం రెండు డబ్బాల పులిహోర, ఒక సీసా నల్లకారం కట్టిచ్చింది. అది జూన్ ఆఖరి వారం.

మొదటి రోజు, బుధవారం

బెంప్టన్ కొండచరియల దగ్గర కారు తలుపు తీయగానే ముందు వాసనే వచ్చింది. లక్షల పక్షుల రెట్ట, దానికి తోడు చేపల నీచు. బావ ఒక నిమిషం అట్లాగే నిలబడి గట్టిగా గాలి పీల్చాడు.

"ఏం రా, ఇంత దూరం తోలుకొచ్చి మళ్లా మా షెడ్డు కాడికే తెచ్చినావా?" అని, ఇంకోసారి పీల్చి, "ఘాటు తక్కువే. గాలి బాగా ఆడతాంది" అని సర్టిఫికెట్ ఇచ్చాడు.

ఈ చరియలు సుద్దరాయివి. వంద మీటర్ల ఎత్తున సముద్రానికి నిటారుగా నిలబడి ఉంటాయి. మార్చి నుంచి అక్టోబరు దాకా దాదాపు ఐదు లక్షల సముద్రపు పక్షులు ఇక్కడికి వచ్చి పోతుంటాయి. రాతిలో జానెడు అంచు ఉంటే చాలు, అదొక కాపురం. కిట్టివేక్‌లు తమ పేరు తామే పిలుచుకుంటున్నట్టు అరుస్తాయి. గిల్లెమాట్‌లు నల్ల కోటు వేసుకున్న గుమస్తాల్లా గోడకు ముఖం పెట్టి వరసగా నిలబడతాయి. గూడనేది కట్టవు. ఒక్కటే గుడ్డు, ఒక కొస సన్నగా ఉన్నది, ఉత్త రాతి మీద పెడతాయి. అందరూ అడిగే పఫిన్ కనిపించేసరికి బావ మొహం చిన్నబోయింది. "ఇంతేనా? మా పుంజులో సగం లేదే!" నిజమే, ఫొటోల్లో అది ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది. ఇక్కడి పఫిన్‌లు మట్టిలో బొరియలు తవ్వవు, సుద్దరాతి పగుళ్లలో దూరతాయి. అందుకే ఎంత వెతికినా దొరికేది ఒక ఎర్ర ముక్కు, రెండు నారింజ కాళ్లు.

బావ మనసు దోచింది గానెట్. రెక్కలు చాపితే ఆరడుగుల పక్షి. తెల్లటి ఒళ్లు, సిరాలో ముంచినట్టు రెక్కల కొసలు, తల మీద పసుపు రాసినట్టు లేత రంగు. మేము ఆనుకున్న కంచెకు పదడుగుల కింద ఒక జంట ఉంది. మగది ఎక్కడి నుంచో ఒక పచ్చటి నైలాను వల ముక్క తెచ్చింది. ఆడది దాన్ని అందుకుని గూటి అంచున దూర్చి, నచ్చక పీకి, మళ్లీ దూర్చింది. తర్వాత రెండూ ముక్కులు పైకెత్తి కత్తిసాము చేస్తున్నట్టు టకటకా కొట్టుకున్నాయి. గూటిలో ఆ ఒక్క వల ముక్కే కాదు. నీలం తాడు, నారింజ తాడు, ఇంకేదో ప్లాస్టిక్ పీచు కూడా ఉన్నాయి. అడుగున పిల్ల, ఇంకా నూగు రాని నల్లటి చర్మంతో, ముడతలు పడ్డ సంచిలా పడి ఉంది.

కంచె దగ్గర టెలిస్కోపు పెట్టుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. అక్కడి వాలంటీరు. "ఇటొచ్చి చూడు, లవ్" అని బావను పిలిచింది. బావ నా వైపు తిరిగి గుసగుసగా, "ఆమె నన్ను లవ్ అంటాది ఏంది రా?" అన్నాడు. యార్క్‌షైర్‌లో బస్సు కండక్టరు నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ అందరినీ అట్లాగే అంటారని చెప్పాక గానీ టెలిస్కోపు దగ్గరికి పోలేదు.

ఆవిడ చూపించింది ఒక గానెట్ కన్ను. ఆరోగ్యంగా ఉన్న గానెట్ కంటిపాప చుట్టూ లేత నీలం రంగు వెలుగుతుంటుంది. ఈ పక్షిది మాత్రం పూర్తిగా నలుపు, బొగ్గు ముక్క పొదిగినట్టు. 2022లో బర్డ్ ఫ్లూ బ్రిటన్ సముద్రతీరాన్ని ఊడ్చేసింది. గానెట్‌లు వేల లెక్కన చచ్చాయి. జబ్బు తగిలీ బతికి బట్టకట్టిన వాటిలో కొన్నింటి కళ్లు ఇట్లా నల్లబడ్డాయని స్కాట్లాండులోని బాస్ రాక్ దీవి మీద పరిశోధకులు గుర్తించారు. ఆ దీవి ఈ పక్షులకు ప్రపంచంలోని అతి పెద్ద స్థావరాల్లో ఒకటి.

బర్డ్ ఫ్లూ అన్న మాట బావకు అనువదించాల్సిన పని లేకపోయింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది వచ్చినప్పుడు నంద్యాలలో కూడా కోడిని కొనే దిక్కు లేకుండా పోయింది. ఆయన టెలిస్కోపు వదలకుండా చాలాసేపు చూశాడు. "మా దాంట్లో వస్తే ఆఫీసర్లొచ్చి గొయ్యి తవ్వించి పూడుస్తారు. లెక్క రాసుకుంటారు. వీటికి ఎవరుండారు?" అని అడిగాడు. నేను ఆవిడకు చెప్పాను. "మేమే ఉన్నాం, లెక్క మేమూ రాస్తాం" అందావిడ. పక్షుల్ని లెక్కపెట్టేటప్పుడు ఫొటోల మీద ఒక్కొక్క గూటికీ చుక్క పెట్టుకుంటూ పోతారట. వేల చుక్కలు.

మేత సంగతి కూడా మా బావే లేవదీశాడు. ఇన్ని పక్షులు ఏం తిని బతుకుతాయి? ఇక్కడి కిట్టివేక్‌లకూ పఫిన్‌లకూ ప్రాణాధారం శాండీల్ అనే సన్నటి వెండి చేప. మనుషులు దాన్ని పెద్దగా తినరు. దశాబ్దాలుగా ఎక్కువగా డెన్మార్కు పడవలు దాన్ని టన్నుల కొద్దీ తోడుకుపోయి పొడి, నూనె చేసి పశువుల దాణాకూ చేపల చెరువులకూ పంపాయి. చివరికి 2024లో బ్రిటిష్ ప్రభుత్వం ఉత్తర సముద్రంలో ఇంగ్లండు పరిధిలో ఆ వేటను మూసేసింది. యూరోపియన్ యూనియన్ దాని మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వం దాకా వెళ్లింది. బావ కాసేపు తల గోక్కున్నాడు. "మేతలో చేప పొడి మేమూ కలుపుతాం. అది యాడ చేపో ఎవురడిగినారు?" అన్నాడు. చేప పొడి బస్తా మీద చేప పేరు రాయరు మరి.

పాత కథ ఒకటుంది ఈ చరియలకు. పంతొమ్మిదో శతాబ్దంలో పక్కనున్న బ్రిడ్లింగ్టన్ నుంచి జనం పడవలెక్కి వచ్చి, గూళ్ల మీద కూర్చున్న పక్షుల్ని సరదాకి తుపాకులతో రాల్చేవారు. కిట్టివేక్ రెక్కలు ఆడవాళ్ల టోపీలకు పోయేవి. పిల్లలు గూళ్లలో ఆకలితో చచ్చేవి. బ్రిడ్లింగ్టన్ చర్చి ఫాదరీ బార్న్స్-లారెన్సు నలుగురినీ కూడగట్టాడు. ఎంపీ క్రిస్టఫర్ సైక్స్ పార్లమెంటులో బిల్లు పెట్టాడు. 1869లో సముద్రపు పక్షుల రక్షణ చట్టం వచ్చింది. గుడ్లు పెట్టి పొదిగే కాలంలో, ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 1 దాకా, కాల్చకూడదు. వాదనలో పిట్టల మీద జాలి ఒక్కటే లేదు. పొగమంచు కమ్మినప్పుడు ఈ పక్షుల అరుపులు విని ఓడలు కొండకు దూరంగా తిరిగేవి. అందుకే నావికులు వాటిని ఫ్లాంబరో పైలట్లు, అంటే పక్కనున్న ఫ్లాంబరో తీరాన ఓడలకు దారి చూపేవాళ్లు, అనేవారు. గుడ్లు మాత్రం ఆ చట్టంలోకి రాలేదు. ఊరివాళ్లు నడుముకు మోకు కట్టుకుని చరియ కిందికి దిగి గుడ్లు ఏరుకొచ్చేవారు. ఆ పని 1954 చట్టంతో ఆగింది.

"మోకు కట్టుకుని దిగేవాళ్లా?" బావ కంచె మీది నుంచి కిందికి తొంగి చూసి రెండడుగులు వెనక్కేశాడు. "గుడ్డుకి ఎంతిచ్చేవాళ్లో."

జూన్ ఆఖర్లో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది. మేం ఆ టైం దాకా ఉన్నది గిల్లెమాట్ పిల్లల కోసం. మూడు వారాల పిల్ల, ఇంకా ఎగరడం రాదు. సాయంత్రం గాలి తగ్గాక అంచు మీది నుంచి సముద్రంలోకి దూకేస్తుంది. ఇక్కడివాళ్లు వాటిని జంప్లింగ్ అంటారు. కింద నీళ్ల మీద తండ్రి పిలుస్తూ ఉంటుంది. తల్లి కాదు, తండ్రే. తర్వాత వారాల తరబడి సముద్రంలో దాన్ని సాకేది కూడా అదే.

ఒక పిల్ల అంచు దాకా వచ్చింది. కిందికి చూసింది. వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది. బావ గుప్పిళ్లు బిగించాడు. "దూకదు చూడు, భయపడింది" అన్నాడు. పక్కనే ఒక ఇంగ్లీషు కుటుంబం, చేతిలో ఐస్‌క్రీం కరిగిపోతున్న పిల్లాడు, ఎవరూ కదల్లేదు. పావుగంట గడిచింది. తర్వాత ఏ సూచనా లేకుండా, పొట్టి రెక్కలు టపటపలాడించుకుంటూ, బంతిలా పడిపోయింది. మధ్యలో ఒక రాయి అంచుకు తగిలి ఎగిరింది. బావ "అయ్యో" అన్నాడు. నీళ్ల మీద చిన్న తెల్లటి చిమ్ము లేచింది. కాసేపటికి ఒక పెద్ద నల్లచుక్క పక్కన ఒక చిన్న నల్లచుక్క.

కారెక్కాక చాలా సేపటికి అన్నాడు: "మా కోళ్లకు పైకి రెక్కలుండాయి గానీ ఎక్కడికి దూకాల?"

రెండో రోజు, గురువారం

ఫ్లాంబరో. పొద్దుటి నుంచి పొగమంచు, లైట్‌హౌస్ కూడా మెడ దాకే కనబడింది. పక్షులు ఒక్కటీ లేవు, అరుపులు మాత్రం వినబడుతున్నాయి. పైలట్లు అని ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. మేం దిగిన ఇంటావిడ పొద్దున ఉడకబెట్టిన గుడ్లిచ్చింది. బావ సొనను చెంచాతో విప్పి రంగు చూసి, "మొక్కజొన్న బాగా పెడతాండారు" అన్నాడు. మధ్యాహ్నం నుంచి వాన. తిరుగుదారిలో కారు టైరు పంక్చరైంది. స్టెప్నీలో గాలి లేదు. నా అశ్రద్ధే, ఆరు నెలలుగా చూడలేదు. రెండు గంటలు రోడ్డు పక్కన పులిహోర తిన్నాం.

మూడో రోజు, శుక్రవారం

లీడ్స్‌లో ఒక రాత్రి పడుకుని పడమరకు బయలుదేరాం. బోలాండ్‌కు ఫారెస్ట్ అని పేరుంది గానీ చెట్లు వెతుక్కోవాలి. ఒకప్పుడు రాజుల వేటకు కేటాయించిన నేలని ఆ పేరు. గడ్డి, తుంగ, హెదర్ పొదలు కప్పుకున్న బోడి గుట్టలు ఒకదాని వెనక ఒకటి. ఈ దేశంలో వాటిని మూర్ అంటారు. హెదర్ ఇంకా పూయలేదు. ఆగస్టులో వస్తే గుట్టలన్నీ వంకాయ రంగు తిరుగుతాయి.

డన్‌సాప్ బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో టీ తాగడానికి ఆగాం. గ్రేట్ బ్రిటన్ నడిబొడ్డు ఇదేనని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1992లో బ్రిటిష్ టెలికాం వాళ్లు దేశంలో లక్షో పబ్లిక్ ఫోన్‌ను ఇక్కడే పెట్టారు. బావ దాంట్లో దూరి రిసీవరు చెవిన పెట్టుకుని ఫొటో దిగాడు. నంద్యాలలో ఎస్టీడీ బూత్ నడిపిన రోజులు గుర్తొచ్చాయట.

ఊరు దాటి వాగు వెంబడి నడుస్తుంటే కర్లూ అరుపు వినబడింది. ఆ అరుపును రాయడం నాకు చేతకాదు. నీళ్లు బుడగలెత్తుతున్నట్టు మొదలై, పైపైకి పోయి, ఆఖర్న వణుకుతుంది. కొడవలిలా కిందికి వంగిన జానెడు పొడవు ముక్కుతో పక్షి గడ్డి మీదుగా దిగింది. ప్రపంచంలో గుడ్లు పెట్టే కర్లూలలో నాలుగో వంతు దాకా ఈ దేశంలోనే ఉన్నాయి, ఏటేటా తగ్గుతున్నాయి. చలికాలంలో మన కోరింగ మడ అడవుల బురదలోనూ కర్లూలు కనిపిస్తాయి, అవి వేరే దిక్కు నుంచి వచ్చేవి. కోరింగలో నేను చూసినప్పుడు మాత్రం అవి ఇట్లా పాడలేదు.

రాత్రి క్లిథరోలో బస. కిటికీ తీస్తే స్విఫ్ట్‌లనే పిట్టలు ఇళ్ల కప్పుల మధ్య కేకలేస్తూ పోతున్నాయి. పాత ఇళ్ల చూరు కింద సందులు ఉంటేనే వాటికి గూడు. ఇళ్లను బాగుచేయించుకునేవాళ్లు ఆ సందుల్ని పూడ్చేస్తున్నారు. అందుకే కొత్త ఇళ్ల గోడల్లో స్విఫ్ట్‌ల కోసం బోలు ఇటుకలు తప్పనిసరి చేయాలని ఇక్కడ పెద్ద ఉద్యమమే నడుస్తోంది. బావకు ఆ ఇటుక కొలతలు కావాలట. ఎందుకని అడిగితే చెప్పలేదు.

నాలుగో రోజు, శనివారం

ఈ ప్రయాణం అసలు ఈ రోజు కోసమే. నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైరైన పోస్ట్‌మాన్. ముప్పై ఏళ్లుగా వేసవి శనివారాలన్నీ ఈ గుట్టల మీద గద్దల కోసం గడిపేశాడు. పొద్దున ఆరింటికి రోడ్డు పక్కన ఒక గేటు దగ్గర కలిశాడు. ఏ గేటో ఇక్కడ రాయను.

మేం చూడబోయేది హెన్ హారియర్. చలికాలంలో మన రోళ్లపాడు గడ్డి మైదానాలకు వచ్చే పిల్లిగద్దలకు దగ్గరి చుట్టం. మగది బూడిద కలిసిన వెండి రంగు, రెక్కల కొసలు నలుపు. ఆడది గోధుమ రంగు, తోక మొదట్లో తెల్లపట్టీ. బోలాండ్ ప్రాంతానికి చిహ్నం ఈ పక్షే, రోడ్డు పక్క బోర్డుల మీదంతా దాని బొమ్మే. చట్టం 1954 నుంచీ దీన్ని కాపాడుతోంది. 1981 చట్టం ప్రకారం గుడ్ల కాలంలో లైసెన్సు లేకుండా గూటి దగ్గరికి పోయి దాన్ని కదిలించడం కూడా నేరమే. ఇంత ఉండీ 2013లో ఇంగ్లండు మొత్తంలో ఒక్క పిల్ల కూడా గూడు దాటి ఎగరలేదు. తర్వాత పెరిగి 2023కి 141 పిల్లలయ్యాయి, మరుసటి ఏడు 80కి పడ్డాయి.

ఎందుకంటే గ్రౌస్. కోడిపెట్టలా గుండ్రంగా, ఎర్రగోధుమ రంగులో ఉండే పక్షి అది. ఆగస్టు 12న దాని వేట సీజను మొదలవుతుంది. కూలీలు జెండాలు ఊపుకుంటూ పొదల్లోంచి పక్షుల్ని తోలుకొస్తారు. ఎదురుగా వరసగా కట్టిన రాతి మరుగుల్లో తుపాకులు పట్టుకుని డబ్బున్నవాళ్లు నిలబడి ఉంటారు. గ్రౌస్ ఎన్ని ఎక్కువ పెరిగితే ఎస్టేటుకు అంత ఆదాయం. హారియర్ తినేది ఎక్కువగా ఎలుకల్ని, చిన్న పిట్టల్ని. గ్రౌస్ పిల్లల్నీ తింటుంది, అది దాచాల్సిన సంగతి కాదు. అక్కడ మొదలైంది వైరం.

రెండు గంటలు ఏమీ లేదు. చలి. జూన్‌లో చలేంది రా అని బావ మా ఆవిడ శాలువా తలకు చుట్టుకున్నాడు. పెద్దాయన ఫ్లాస్కు తీసి టీ పోశాడు, మేం నల్లకారం పులిహోర పెట్టాం. ఆయన కళ్లలో నీళ్లు తిరిగినా రెండోసారి పెట్టించుకున్నాడు.

అప్పుడు ఆయనే చెయ్యెత్తాడు. కిలోమీటరు దూరాన గుట్ట వీపు మీది నుంచి ఒక వెండి పక్షి జారినట్టు వచ్చింది. రెక్కలు కొట్టడం లేదు, గాలి మీద తేలుతోంది. కాళ్లలో ఏదో వేలాడుతోంది. హెదర్‌లోంచి గోధుమ రంగు ఆడది నిటారుగా లేచింది. మగదాని కిందికి వచ్చి వెల్లకిలా తిరిగింది. మగది కాళ్లు వదిలేసింది, ఆడది గాలిలోనే అందుకుంది, పొదల్లోకి దిగిపోయింది. మొత్తం కలిపి ఒక తుమ్ము వచ్చి పోయినంత సేపు. బావ బైనాక్యులర్స్ సరిచేసుకునే లోపే అయిపోయింది. "ఏమైంది? ఏమైంది రా?" అంటూనే ఉన్నాడు. పెద్దాయన జేబులోంచి నోటుబుక్కు తీసి టైం రాసుకున్నాడు. అంతకు మించి ఏ సంబరమూ చేసుకోలేదు.

ఇక్కడ హారియర్ పిల్లల వీపుకు సౌరశక్తితో పనిచేసే చిన్న ట్రాన్స్‌మిటర్లు కడతారు. ఉపగ్రహం ద్వారా అవి ఎక్కడున్నాయో తెలుస్తుంటుంది. ఒక రోజు సిగ్నల్ ఆగిపోతుంది. పక్షి దొరకదు, ట్రాన్స్‌మిటరూ దొరకదు. అట్లా ట్రాన్స్‌మిటర్లు కట్టిన 58 హారియర్‌ల మీద అధ్యయనం చేసి 2019లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 72 పక్షుల్ని చట్టవిరుద్ధంగా చంపేశారు, లేదా చంపేసి ఉండటానికే అవకాశం బాగా ఎక్కువ అని తేలింది. అప్పుడప్పుడూ ఒకటి దొరుకుతుంది. బోలాండ్‌లోనే ట్రాన్స్‌మిటర్ కట్టి బెట్టీ అని పేరు పెట్టిన ఆడపక్షి 2012లో యార్క్‌షైర్ మూర్ మీద చచ్చి పడి ఉంది. తుపాకీ దెబ్బ. కాలి ఎముకలో సీసం రవ్వలు కనిపించాయి. కాల్చిందెవరో తేలలేదు.

మధ్యాహ్నం పెద్దాయన మమ్మల్ని వేరే గుట్ట ఎక్కించాడు. అది గ్రౌస్ ఎస్టేటు. 2000 నాటి చట్టం వల్ల ఇట్లాంటి నేల మీద ఎవరైనా నడవొచ్చు. దూరం నుంచి చూస్తే గుట్ట మీద అతుకుల బొంతలా మచ్చలున్నాయి. గ్రౌస్‌కు లేత హెదర్ కావాలని చలికాలంలో చారలు చారలుగా కాలుస్తారు. నడుస్తుంటే మోకాలెత్తు రాతి మరుగులు వచ్చాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. లోపల పోయిన ఏటి తూటా తొడుగులు రెండు, ఎండకు వెలిసి.

దారి పక్కన తుంగలో ఒక పెట్టె కనబడింది. ప్లాస్టిక్ ట్రే, దాంట్లో బియ్యం నూకలంత తెల్లటి రాళ్లు. బావ వంగి, ముట్టుకోకుండా, వాసన చూశాడు.

"దీనికేందో పూసినారు."

పెద్దాయన ఆశ్చర్యపోయాడు. గ్రౌస్‌లు తిన్న ఆకు అరగడానికి చిన్న రాళ్లు మింగుతాయి. ఆ రాళ్లకే పురుగుల మందు పట్టించి పెడతారు, పేగుల్లో నులిపురుగులు పడి మందకు మంద చావకుండా. మందు పేరు చెప్పగానే బావ నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు.

"ఇది మేం కోళ్లకేసే నట్టల మందే రా! అడివి పక్షికి నట్టల మందేసి, నక్కను చంపి, కాకిని చంపి, గద్దను చంపి, ఆకు మేపి పెంచుతాండారు. ఇది నా ఫారమే కదా, పైన రేకులు లేవు అంతే. మేము కూలోళ్లకు డబ్బులిచ్చి కోయిస్తాం, వీళ్లు డబ్బులు తీసుకుని కోయిస్తారు."

నేను అనువదించాను, కాస్త మెత్తగా. పెద్దాయన ఇంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

గేమ్‌కీపర్ల, అంటే ఎస్టేటులో వేట పక్షుల్ని కాపలా కాసే పనివాళ్ల, మాట కూడా చెప్పాలి. వాళ్లు నక్కల్నీ కాకుల్నీ తగ్గించడం వల్లే నిన్న మేం విన్న కర్లూ లాంటివి ఈ గుట్టల మీద ఇంకా పిల్లల్ని లేపుతున్నాయంటారు. అందులో నిజముంది, పెద్దాయన కూడా కాదనలేదు. జీతాలు తక్కువ, ఇల్లు ఎస్టేటు ఇచ్చినదే, ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. స్కాట్లాండులో 2012 నుంచి ఇట్లాంటి నేరానికి పనివాడితో పాటు యజమాని కూడా జవాబు చెప్పాలి. 2024 చట్టంతో అక్కడ గ్రౌస్ వేటకే లైసెన్సు పెట్టారు. ఇంగ్లండులో ఆ రెండూ లేవు. 2016లో ఈ తోలి కాల్చే వేటను నిషేధించమని మార్క్ ఎవరీ అనే పక్షిప్రేమికుడు పెట్టిన పిటిషన్‌కు లక్షా ఇరవై మూడు వేల సంతకాలు వచ్చాయి. ఇక్కడ లక్ష దాటితే పార్లమెంటు చర్చకు తీసుకోవచ్చు.

"చర్చించినారా?"

"అక్టోబరు 31న చర్చించారు."

"చర్చించి?"

"ఊరుకున్నారు."

"మనోళ్ల మాదిరే" అన్నాడు బావ, ఎందుకో కొంచెం తృప్తిగా.

దిగేటప్పుడు నాకు బెంప్టన్ గుర్తొచ్చింది. అక్కడ గానెట్‌ను కాల్చాలంటే ఐస్‌క్రీం తినే పిల్లాడి ముందు, లవ్ అని పిలిచే పెద్దావిడ టెలిస్కోపు ముందు కాల్చాలి. ఇక్కడ చూసేది గొర్రెలే. పెద్దాయన ముప్పై ఏళ్ల శనివారాలు చేసిన పని, ఆలోచిస్తే, అక్కడ ఒక మనిషి ఉన్నాడని కనబడటమే.

బావ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా నాన్న స్కూటరు మీద నన్ను రోళ్లపాడు తీసుకెళ్లిన సంగతి ఎత్తాను. బట్టమేక పక్షి కోసం పెట్టిన అభయారణ్యం అది. దూరంగా గడ్డిలో నిలబడి ఉన్న మగ బట్టమేకను నేను ముందు మేకే అనుకున్నాను. "ఇప్పుడు బోర్డు మీద ఉండాది బట్టమేక. పోయినేడు ఆ దారిన పోయినా" అన్నాడు.

ఐదో రోజు, ఆదివారం

మాంచెస్టర్‌లో మా చిన్నాన్న కొడుకు ఉంటాడు. మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనం. అంతకు ముందు అందరం కలిసి డిడ్స్‌బరీలోని ఫ్లెచర్ మాస్ పార్కుకు వెళ్లాం. మా తమ్ముడి కూతురికి ఆరేళ్లు. బావను ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఎక్కినట్టు ఎక్కి భుజాల మీద కూర్చుంది.

పార్కులో ఒక పాత ఇల్లుంది, పేరు ది క్రాఫ్ట్. 1889లో ఎమిలీ విలియమ్సన్ అనే ఆవిడ తన స్నేహితురాళ్లను ఇక్కడికి టీకి పిలిచి, తిండి కోసం కాక ఈకల కోసం చంపిన పక్షి ఈక ఏదీ తొడుక్కోబోమని మాట తీసుకుంది. నిప్పుకోడికి మాత్రం మినహాయింపు. పక్షిశాస్త్రజ్ఞుల సంఘంలో అప్పట్లో ఆడవాళ్లకు చోటు లేదు. అదే ఏడాది దక్షిణాన క్రాయిడన్‌లో ఇట్లాంటిదే ఇంకో ఆడవాళ్ల గుంపు బయలుదేరింది, 1891లో రెండూ కలిశాయి. క్రాయిడన్ గుంపులోని ఎట్టా లెమన్ చిన్నప్పుడు చర్చిలో ప్రార్థన వదిలేసి, ఎవరి టోపీలో ఏ ఈక ఉందో రాసుకునేదట. ఇంటికొచ్చి ఒక్కొక్కరికీ ఉత్తరం రాసేదట, ఆ ఈక కోసం ఏ పక్షి ఎట్లా చచ్చిందో. టోపీ నెత్తిన పెట్టుకుని దాక్కోలేరు కదా. ఈకల దిగుమతిని నిషేధించే చట్టం రావడానికి 1921 దాకా పట్టింది. ఆ టీ పార్టీయే ఇప్పుడు పది లక్షలకు పైగా సభ్యులున్న పక్షుల రక్షణ సంఘం ఆర్‌ఎస్‌పీబీ. బెంప్టన్ చరియల అభయారణ్యం వాళ్లదే.

మెర్సీ నది గట్టు దాకా నడిచాం. నీటి అంచున ఒక తెల్లకొంగ నిలబడి ఉంది. నల్ల కాళ్లు, పసుపు పాదాలు.

"కొంగ!" అన్నాడు బావ. "ఇంత దూరం తెచ్చి కొంగను చూపిస్తావా?"

అప్పుడు టోపీల ఈకల్లో అన్నిటికంటే ఖరీదైనవి దానివేనని చెప్పాను. గుడ్ల కాలంలో వీపు మీద వచ్చే కుచ్చు ఈకల కోసం గూళ్ల మీదే చంపేవారు. మన దేశం నుంచి కూడా ఎగుమతి అయ్యేవి. 1902లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపింది, దొంగచాటుగా మాత్రం సాగింది. బ్రిటన్‌లో ఇది మొదటిసారి గూడు కట్టింది 1996లో, దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవిలో. ఇప్పుడు మాంచెస్టర్ దాకా వచ్చేసింది. బావ కొంగను మళ్లీ చూశాడు, ఈసారి మర్యాదగా. మన పొలాల్లో ట్రాక్టరు వెనక నడిచే కొంగను ఆయన అట్లా ఎప్పుడూ చూసి ఉండడు.

వెనక్కి వస్తుంటే పాప ఓక్ చెట్టు కింద ఆగి అరిచింది. చేతిలో ఒక ఈక. వేలెడంతే, ఒక వైపు నలుపు, ఇంకో వైపు మెరిసే నీలం మీద సన్నటి నల్ల చారలు. జే పక్షి రెక్కది. ఈ కాలంలో వాటికవే రాలతాయి.

"పెదనాన్నా, నా టోపీకి పెట్టు."

నేను ఆ పాత ఇంటి వైపు చూశాను. మా తమ్ముడు నా వైపు చూశాడు. నేను ఏదో చెప్పబోయేలోపు బావ మోకాళ్ల మీద కూర్చుని, ఈకను వెలుతురుకెత్తి మొదలూ కొసా తిప్పి చూశాడు.

"పీకింది కాదులే. రాలిందే" అన్నాడు, పాతికేళ్ల అనుభవంతో. పాప టోపీ పట్టీలో గుచ్చి, పడిపోకుండా కొసను లోపలికి మడిచాడు.